మక్కచేను మాట్లాడిన రేడియో

కాదు కాదు, నువ్విప్పుడే అచ్చినవ్, నీకు ముందుది తెల్వది. ఇట్ల జరుగు, ఆ గోనెసంచి మీద కూసో. పోశెట్టికి పిచ్చి లేసిందని ఈళ్ళంత అంటున్నరు, నేనేమంటున్ననంటే అది పిచ్చి గాదు, అనుమానం. రెండిటికీ శాన ఫరకున్నది. పోశెట్టి అంటె ఎవరో గాదు, మన లింబాద్రి తమ్ముడే. అన్నదమ్ములిద్దరు పొలాలు పంచుకున్నరు, గని బాయిని ఎట్ల పంచుకుంటరు చెప్పు. బాయి ఒక్కటే, మోటరు ఒక్కటే. మూడొద్దులు అన్నకు నీళ్ళు, మూడొద్దులు తమ్మునికి. ఆ ఏడు పోశెట్టి ఎకరం మక్క పెట్టిండు. కంకి పాలు పోసుకునే టయానికి కోతులు దిగినయంట. మంచె మీద మనిషి కనబడితె రావు, గటుక తాగుదామని మనిషి ఇంటి మొఖం పట్టిండా, నలభై కోతులు ఒక్కపాలి దిగుతయ్. అవి గూడ మనిషి కోసం కాపలా కాస్తయ్ అనుకో. పొద్దంత మంచె మీదనే కూసుంటె మంచాలు ఎవరల్లాలె? పోశెట్టికి నులక మంచాలల్లే పని, అది ఇంటికాడ. పెండ్లాం సాయవ్వది బీడీల పని, ఆమె ఆకు కత్తిరిస్తదా, కోతుల్ని కొడ్తదా.

గప్పుడు ఏమైందంటే, ఇంట్ల రేడియో ఖరాబైతె పట్కోని మండలంల జబ్బార్ భాయ్ దుకాణంకు పోయిండంట. జబ్బార్ భాయ్ దాన్ని ఇప్పి కూసున్నడు. పోశెట్టి ఊకోకుండ, భాయ్, ఎక్కడనో మాట్లాడితె మా ఇంట్ల ఇనబడుతున్నది గద, నా చేన్ల చప్పుడైతె గూడ ఇనబడుతదా అని అడిగిండు. జబ్బార్ భాయ్ నవ్విండు. నవ్వి, సిమెంటు సంచి కాయితం చింపి దాని మీద బొమ్మేసిచ్చిండు. పోశెట్టికి సంతకం తప్ప అక్షరం రాదు, గని బొమ్మ చూస్తె మంచం అల్లిక లెక్కనే అనిపిచ్చిందంట, ఈ పోగు అటు పోవాలె, ఆ పోగు ఇటు రావాలె, అంతే గద అనుకున్నడు. పాత టేపురికాడుది మైకు, మూడు కాళ్ళ ట్రాన్సిస్టరు, చిన్న బ్యాటరీ, రాగి తీగె. ఆ తీగెను పెన్ను రీఫిల్‌కు అయిదు సుట్లు సుట్టి రీఫిల్ గుంజెయ్యాలె, ఆ సుట్ల మీదనే అంత ఉన్నదని చెప్పిండు భాయ్. ఇంకో మాట గూడ చెప్పిండు: ఇట్లాంటియి పర్మిషన్ లేకుండ పెట్టద్దు, ఎవరికన్న తెలిస్తె నా పేరు చెప్పకు. ఆ ఒక్క మాట పోశెట్టి కడుపుల ముల్లు లెక్క ఉండిపోయింది. ఎవలకు చెప్పద్దు అనుకున్నడు, సాయవ్వకు తప్ప.

మొదటిపాలి ట్రాన్సిస్టరు కాళ్ళు ఉల్టా పెట్టిండు, పొగ లేసింది. రెండోపాలి టంకం ఎక్కువై రెండు పోగులు ఒకదానికొకటి అంటుకున్నయ్. మూడోపాలి అన్ని మంచిగనే ఉన్నయ్, రేడియోల కుయ్యిమన్నది, గని చెయ్యి దగ్గరికి పెడితె రేడియో ముల్లు ఒకకాడ ఉంటె ఇనబడుతున్నది, తీస్తె ఇంకోకాడ. చెయ్యి నీడకే జరుగుతున్నదే ఇది, సిగ్గున్నదా దీనికి అన్నదంట సాయవ్వ. నాలుగోపాలి పోశెట్టి ముట్టకుండ దూరంగ నిలబడి, కట్టెపుల్లతోని సుట్లను జరంత ఎడం జేసిండు. రేడియో ముల్లు ఒక పెద్ద స్టేషన్ పక్కన కాళీ జాగల నిలబెట్టి, మైకు, పోగులన్ని ఒక డబ్బిల పెట్టి, దాన్ని తీస్కపోయి బాయిగట్టు మీది తుమ్మపొదల దాసి, వైరు కొమ్మకు కట్టి ఇంటికచ్చిండు. అచ్చి రేడియో చెవుకు పెట్టుకుంటె మక్కాకు మీద మక్కాకు రాసుకునే చప్పుడు. సర్ సర్ మని. అంతే. ఇద్దరు మొగుడు పెండ్లాలు ఆ చప్పుడును బువ్వ సల్లారిందాంక ఇనుకుంట కూసున్నరంట, మీరు నమ్ముతె నమ్ముండ్రి.

కోతుల పని ఖతమైంది. అవి దిగి కంకి ఇరుస్తె పటుక్కుమనేది రేడియోల, పోశెట్టి ఒడిసెల పట్కోని ఉరికేది. గని చెవు ఊకుంటదా? బాయికాడికి అన్న వదిన అచ్చేటోళ్ళు, బువ్వ తినేటోళ్ళు, మాట్లాడుకునేటోళ్ళు. ఓ దినం వదిన ముత్తవ్వ అన్నది ఇనబడ్డది, పోశెట్టి మన గడ్డపార తీస్కపోయి నెలాయె, ఇయ్యలే అని. నిజమే, ఇయ్యలే. మర్నాడు గడ్డపార తీస్కపోయి ఇచ్చిండు, ఇచ్చుకుంట ఆమె మొఖం సూసిండు. గప్పటి సంది రుచి మరిగిండనుకో. కోతులు లేకున్న రేడియో చెవుకే ఉన్నది. మంచంల సగం నులక అట్లనే ఏలాడుతున్నది. నువ్వు కోతుల కోసం ఇంటున్నవా, మనుషుల కోసం ఇంటున్నవా అని సాయవ్వ అడిగితె, కోతులు గూడ మనుషుల లెక్కనే చప్పుడు చేస్తయ్ అన్నడంట.

ఆ వారమే కరెంటు ఆఫీసోళ్ళు అచ్చిండ్రు. మోటరు కనెక్షను సచ్చిపోయిన తండ్రి పేరు మీద ఉన్నది, అన్నదమ్ములిద్దరు సంతకం పెట్టి పేరు మార్చుకోండ్రి, ఎనిమిది దినాలల్ల కాయితం రాకపోతె వైరు కోసేస్తం అన్నరు. మూడో దినం లింబాద్రి కాయితం తెచ్చి తమ్మునికిచ్చి, సంతకం పెట్టు, నేను తీస్కపోత అన్నడు. పోశెట్టి రేపు పెడత అన్నడు. రేపు అంటె రేపే, ఆ మనిషి మనసుల అప్పటికి ఏం లేదు.

ఆ రేపు పగటీలి ఎండ మంట లేస్తున్నది. పోశెట్టి రేడియో పెట్టుకున్నడు. ముందు ఏం లేదు, బరబరమన్నది. ఆయెనక పిట్టల కూత, నీళ్ళు పడే చప్పుడు. ఆయెనక మొగమనిషి గొంతు, సన్నగ, దూరంగ. తమ్ముడు అమాయకుడు, చదువు రాదు, ఏడ పెట్టమంటె ఆడ సంతకం పెడతడు, ఆయెనక బాయి మనదే అంటున్నడు. ఆడమనిషి నవ్వుతున్నది, మెల్లగ మాట్లాడు, ఎవలన్న ఇంటరు అంటున్నది. పోశెట్టి చేతిల నులక జారింది. ఒడిసెల గూడ పట్టుకోకుండ చేనుకు ఉరికిండు. పోయి సూస్తె లింబాద్రి మొఖం మీద తువ్వాల కప్పుకోని పండుకోనున్నడు. ఇప్పుడే మాట్లాడిన మనిషి ఇప్పుడే ఎట్ల నిద్రపోతడు, దొంగ నిద్ర అనుకున్నడు. ముత్తవ్వ గిన్నె కడుగుకుంట, ఏందయ్యా గంత ఉరికచ్చినవ్, కోతులచ్చినయా అని నవ్వింది. అదే నవ్వు అనుకున్నడు. నవ్వు ఎవలదైన నవ్వే గద, గని ఆయనకు అదే నవ్వు. ఇంటికచ్చి కాయితం నాలుగు ముక్కలు చేసి, అన్న అడగచ్చినప్పుడు ఆ ముక్కలు చేతిల పెట్టిండు. ఎందుకు చింపినవ్ రా అంటె నీకే ఎర్కుండాలె అన్నడు. లింబాద్రి ఆ ముక్కలు తువ్వాల కొసకు ముడేసుకోని పోయిండంట.

రెండు దినాలు మాటల్లేవ్. ఇగ రెండు దినాలైతె వైరు కోస్తరు. సాయవ్వ బతిమిలాడుతున్నది, మన మక్క గూడ ఎండుతది, నీ అన్న గసుంటోడు గాదు అని. పోశెట్టి ఏమన్నడంటే, నా చెవులతోని ఇన్న, ఇయ్యాల నువ్వు గూడ ఇను అని పగటీలి రేడియో మంచం మీద పెట్టి సప్పుడు పెంచిండు. సరిగ్గ అదే టయానికి అదే పిట్టలు, అదే నీళ్ళు, అదే మొగగొంతు. తమ్ముడు సంతకం పెడతలేడు, ఇగ కల్లు తాపాలె అంటున్నది ఆ గొంతు. ఇన్నవా అన్నట్టు పోశెట్టి పెండ్లాం దిక్కు సూసిండు. ఆమె ఆయన దిక్కు సూస్తలేదు, గడప దిక్కు సూస్తున్నది. గడపల లింబాద్రి నిలబడి ఉన్నడు, చేతిల కొత్త కాయితం. రేడియోల అన్న మాట్లాడుతనే ఉన్నడు. గడపల అన్న నోరు మూసుకోని ఉన్నడు. లాస్టుకు డప్పు, సన్నాయి లేసి, ఒకామె ఎంత మంచిగ చెప్పిందనుకున్నవ్, ఇంతటితో ఈనాటి నాటకం సమాప్తం, మిగిలిన భాగం రేపు ఇదే సమయానికి అని.

తర్వాత జబ్బార్ భాయ్ చెప్పిండు, ఎండకు డబ్బి కాగి సుట్లు కదిలినయ్, మీ చేను ముల్లు కాడికెల్లి జరిగిపోయింది, పక్కనున్న పెద్ద స్టేషన్ ఆ జాగల కూసున్నది అని. అది తర్వాతి మాట. అప్పుడైతె పోశెట్టి తలకాయ దించుకోని తుమ్మపొద, డబ్బి, మైకు అన్ని చెప్పేసిండు. లింబాద్రి తిట్టలే. ఎన్ని దినాలాయె అని అడిగిండు. పన్నెండు అన్నడు తమ్ముడు. లింబాద్రి మంచం కోడు పట్టుకోని నిలబడ్డడు, ఆ పన్నెండు దినాలు బాయికాడ మొగుడు పెండ్లాలు ఏమేం మాట్లాడుకున్నరో ఒక్కొక్కటి యాదికి తెచ్చుకుంటున్నట్టు. మొఖం మెల్లగ ఎర్రబడ్డది. కాయితం మంచం మీద పెట్టి, సంతకం పెట్టు అన్నడు, అంతే, పోయిండు.

పోశెట్టి సంతకం పెట్టి తనే ఆఫీసుకు తీస్కపోయిండు. వైరు కొయ్యలే, నీళ్ళు ఆగలే. డబ్బి పీకి జబ్బార్ భాయ్‌కు వాపసిచ్చిండు, మల్ల మంచె ఎక్కిండు, మక్కల సగం కోతులే తిన్నయ్. అన్నదమ్ములు ఇప్పుడు మంచిగనే ఉన్నరు, ఒక్క బీడీ ఇద్దరు తాగుతరు. మిషను పీకుడు అల్కనే, దాని మీది అనుమానం పీకుడే కష్టం, నాకు తెలిసింది అంతే. ఎందుకంటె ఆ తుమ్మపొదల ఏం లేదని ముత్తవ్వకు ఎర్కే, అయినా దినాం పగటీలి బువ్వ గిన్నె ఇప్పేముందు ఆ పొద దిక్కు వంగుతదంట. మంచె మీద కూసున్న పోశెట్టికి రేడియో లేకుండనే మంచిగ ఇనబడుతదంట. ఆయనే చెప్పిండు నాకు. ఒక్క మాట కలపకుండ, ఒక్క మాట తియ్యకుండ ఆమె అన్నది అన్నట్టే చెప్తున్న ఇనుండ్రి: "పోశెట్టీ, ఇంటున్నవా? మేము బువ్వ తింటున్నం. ఏం మాట్లాడుకుంటలేం. నువ్వు గూడ పోయి తిను."