టకటకాయన కొట్టిన కాయితం

ఎవరమ్మా ఆ ఫోన్లో? పార్సిలా? నువ్వేమీ తెప్పించుకోలేదు కదా, మరి వాడెవడు ఆపడానికి, నువ్వెవరు విడిపించుకోడానికి? పెట్టేశావుగా, మంచిపని చేశావు. ఇలా వచ్చి కూర్చో. ఫోన్లో వచ్చిన ఓటీపీలో రెండంకెలు చెప్పేశావా? సరేలే, మిగతావి చెప్పలేదుగా. ముందు ఆ బ్యాంకుకి ఫోన్ చేసి ఓ మాట చెప్పు, సిగ్గుపడ్డం తర్వాత తీరిగ్గా పడుదువుగాని. ఆఁ, చెప్పావా? కాగితం మీద టైము రాసిపెట్టుకో. ఇందులో తెలివితక్కువేం లేదే. నీ వయసులో నేను ఎవరూ పిలవకుండానే నా కాళ్ళతో నేనే నడిచివెళ్ళి, నా తల తీసికెళ్ళి ఒకడి చేతిలో పెట్టొచ్చాను. టకటకాయన సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? మీ నాన్నకీ చెప్పలేదు.

మేం పై వాటాలో ఉండేవాళ్ళం, ఆయనా ఆయన భార్యా కింద. పిల్లల్లేరు. రిజిస్ట్రాఫీసు వరండాలో ఓ మూల బల్ల, బల్ల మీద టైపు మిషను, అదీ ఆయన సామ్రాజ్యం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకటక. అర్జీలు, దరఖాస్తులు, అద్దె ఒప్పందాలు, మొగుడూపెళ్ళాల నోటీసులూ. పక్కనుంచి ఎవడైనా కదిలిస్తే వాడితో కబుర్లు చెప్తూనే కొట్టేవాడు, ఒక్క తప్పు దొర్లేది కాదు. "అందులో ఏం రాసుందండీ?" అంటే, "నాకేం తెలుసు, చేతులు చదువుతాయి, నేను చదవను" అనేవాడు. అది గొప్పగా చెప్పుకునేవాడు పాపం. ఆ మిషనుకి ఒక జబ్బుండేది. ఇంగ్లీషులో ఆర్ అక్షరం ఉందే, అది ఎప్పుడూ వరసలో నిలబడేది కాదు, గుంటలో కాలేసినట్టు ఓ వెంట్రుకవాసి కిందికి దిగేది. బాగుచేయించండి అంటే, "మనిషికి పుట్టుమచ్చలా మిషనుకి అదో గుర్తులే" అని నవ్వేవాడు.

నాకప్పుడు ఇరవైమూడు. చదువైపోయి రెండేళ్ళు, ఉద్యోగం లేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఏమీ అనకపోవడం ఎంత కష్టమో నీకు తెలీదు. అన్నం పెట్టేటప్పుడు మా అమ్మ "ఇంకొంచెం వేసుకో" అంటే అదీ దెప్పినట్టే ఉండేది. అలాంటప్పుడు ఊళ్ళో దిగాడు ఒకడు, ఎండలోనూ కోటు విప్పేవాడు కాదు, కోటాయన అనేవాళ్ళం. బస్టాండు దగ్గర లాడ్జిలో పైన పెద్ద గది తీసుకుని, ఓడ కంపెనీలో గుమాస్తా ఉద్యోగాలు అన్నాడు. మంచి మాటకారి. నా భుజం మీద చెయ్యేసి, "తమ్ముడూ, డబ్బు సంగతి తర్వాత, ముందు నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి, ఈ తెల్లకాయితం మీద ఓ సంతకం పడెయ్. రేపు సాయంత్రం దాటితే లిస్టు మూసేస్తారు. బయట మాత్రం పొక్కనివ్వకు, నీ సీటు ఇంకోడు తన్నుకుపోతాడు" అన్నాడు. ఇచ్చేశాను. సంతకమూ పెట్టేశాను. వాడు నా పేరు రాసి, ఉద్యోగం ఖాయమని ఓ ఉత్తరం చేతికిచ్చాడు, మీద ఓడ బొమ్మ, సముద్రం అవతల హెడ్డాఫీసు నుంచి వచ్చిందిట. మర్నాడు పొద్దున వస్తే గుర్తింపు కార్డు ఇస్తానన్నాడు.

ఎవరికీ చెప్పొద్దన్నాడా, మరి చెప్పకుండా ఉండగలనా? ముందు ఇంట్లో చెప్పేశాను, తర్వాత మెట్ల దగ్గర టకటకాయన చెప్పులు విప్పుతుంటే ఉత్తరం తీసి చూపించాను. ఆయన అంతా చదవలేదు. వెలుతురుకి పట్టాడు, వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాడు, మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఎక్కణ్ణుంచి వచ్చిందన్నాడ్రా?" "సముద్రం అవతల నుంచి." "అవతలిది కాదురా, మా వరండాలోది. నేనే కొట్టాను." ముందు నవ్వాను. ఆయన నవ్వలేదు. క్రితం వారం కోటాయన వచ్చాట్ట, ఓడ బొమ్మ కాయితాల కట్ట ఇచ్చాట్ట, అదే ఉత్తరం అరవైసార్లు కొట్టించుకున్నాట్ట, పేరు దగ్గర చుక్కలు పెట్టించి. మూడు రోజుల పని దొరికిందని ఈయన సంబరపడ్డాడు. "అందులో ఏం రాసుందో ఇప్పుడు నువ్వు చూపిస్తే చూస్తున్నానురా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీద కాదు, ఈయన మీద! ఓర్వలేక అంటున్నాడనుకున్నాను. నాకు ఉద్యోగమొచ్చిందని మా అమ్మ అప్పటికే వీధి చివరిదాకా చెప్పేసిందమ్మా. ఆయన భార్య గుమ్మంలోకొచ్చి, "మీకెందుకండీ? నేనే కొట్టానంటే ముందు మిమ్మల్నే పట్టుకుంటారు. నోరు మూసుకుని లోపలికి రండి" అంది. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అదే జరిగింది.

మర్నాడు పొద్దున లాడ్జి గదిలో వరసలో నిలబడ్డాం, ముప్ఫై నలభైమందిమి. మెట్ల మీద ఎవరో రొప్పుతున్న చప్పుడు. చూస్తే ఈయన, మిషను గుండెలకి కరుచుకుని ఎక్కొస్తున్నాడు. ఆ మిషను ఎంత బరువనుకున్నావ్, ఇనుము కదా. తిన్నగా వెళ్ళి కోటాయన బల్ల మీద దాన్ని దబ్బున దించాడు, కాయితం ఎక్కించి ఉత్తరంలోని మొదటి వరస కొట్టాడు, తీసి అందరికీ చూపించాడు. "మీ చేతుల్లో ఉన్నవాటితో పోల్చుకోండి బాబూ. ఆర్ చూడండి. ఈ ఉత్తరాలు ఏ దేశం నుంచీ రాలేదు, నేను కొట్టినవే."

కోటాయన తొణికితే ఒట్టు. కుర్చీలోంచి లేవకుండానే, "ఈయనెవరో నాకు తెలీదు. దొంగ ఉత్తరాలు తయారుచేశానని తన నోటితోనే ఒప్పుకుంటున్నాడు, మీరంతా సాక్ష్యం. నేను పోలీసుల్ని తీసుకొస్తాను, ఈయన్ని మాత్రం కదలనివ్వకండి" అంటూ చేతిసంచీ తీసుకుని, మమ్మల్ని తప్పుకోమని తప్పుకోమని మర్యాదగా దారి చేసుకుని దిగిపోయాడు. మేమే దారిచ్చాం! ఇచ్చి, ఈయన మీద పడ్డాం. "నీకెంత ముట్టిందిరా?" అని ఒకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంకోడు మిషను ఒక్క తోపు తోశాడు. మూల ఇనప ట్రంకుపెట్టె ఉంటే ఈయన వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. "కొట్టండి నాయనా, కొట్టండి. ఈ పెట్టె మాత్రం గది దాటనివ్వకండి, మీ కాయితాలు ఉంటే ఇందులోనే ఉంటాయి." కొట్టారు కూడా. పెదవి చిట్లింది. "ఈ ముసలాడు మీలో ఎవరికైనా తెలుసా?" అని ఎవరో గట్టిగా అరిచారు.

పోలీసులు రాలేదు, కోటాయనా రాలేదు. అప్పుడు లాడ్జివాడు సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాడు. ఉన్నాయమ్మా, అందరివీ ఉన్నాయి. మేం సంతకాలు చేసిన తెల్లకాయితాలూ ఉన్నాయి. ఈయన చిట్లిన పెదవితోనే, "సర్టిఫికెట్లు దొరికాయని పరిగెత్తకండి. ఎవరి సంతకం వాళ్ళు వెతుక్కుని చింపండి. తెల్లకాయితం మీద సంతకమంటే వాడి నోట్లో మీ నాలుక పెట్టడమే" అని ఒక్కొక్కడి చేతా చింపించాడు. నాదీ చింపుకున్నాను. ఒక్కడు దణ్ణం పెట్టిన పాపాన పోలేదు. పైగా వాటా తేడా వచ్చి బయటపెట్టాడని ఊరంతా అన్నారు. స్టేషనుకి మూడుసార్లు పిలిచారు ఆయన్ని. వాణ్ణి మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

ఆ తర్వాత మిషను బాగుచేయించి మళ్ళీ వరండాలో కూర్చున్నాడు గానీ, పద్ధతి మార్చేశాడు. కొట్టబోయే ముందు ప్రతి ముక్కా పైకి చదివేవాడు, వరస వరసకీ ఆగి "ఇది నిజమేనా? ఎవరి చేతికెళ్తుంది?" అని అడిగేవాడు. సొంత కాయితం అంత గట్టిగా వినడం ఎవరికిష్టం? జనం అవతలి మూల కుర్రాడి దగ్గరికి పోయారు. ఈయన బల్ల దగ్గర ఈగలు. అయినా మానలేదు, పోయేదాకా అంతే.

ఆరోజు వరసలో నేను ఏడోవాణ్ణి. తెలుసా అని అరిచారని చెప్పాను కదూ? ఆయన నెత్తిమీద వాటాలో ఉండేవాణ్ణి, ముందురోజు మెట్ల మీద ఆయన అంతా చెప్పింది నాకే. నేను గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆయనా నావైపు చూడలేదు, చూస్తే అందరూ చూస్తారని.

ఓ ఏడాది తర్వాత నిజం ఉద్యోగానికి దరఖాస్తు కొట్టించుకోడానికి ఆయన దగ్గరికే వెళ్ళాను. పేరు చదివాడు, "నిజమేనా?" అన్నాడు. చదువు, "నిజమేనా?" పుట్టినతేదీ, "నిజమేనా?" అన్నింటికీ ఆఁ అన్నాను. చివర్లో నేను నిజాయితీపరుణ్ణి, కష్టపడే స్వభావం గలవాణ్ణి అని రాసుకున్నాను, అందరూ రాసేదేగా. అదీ పైకి చదివాడు. చదివి, ఏమీ అడక్కుండా కొట్టేశాడు.

...

పాలు పొయ్యి మీద పెట్టినట్టున్నావు, వాసనొస్తోంది. చూడు, చూడు.