బావ వ్యానులో చెమ్మ

ఒరేయ్ మనవడా, ఆ గుడ్డ పిండి పిండి నీ చేతులు కొయ్యబారిపోతాయి గానీ, వదిలేసి ఇలా వచ్చి కూర్చో. నీ వ్యాను అద్దాలు బయట కాదు, లోపల తడిశాయి, అంతేనా? పైకప్పు నుంచి చుక్కలు కూడానా? మరింకే. మా బావ ఉండుంటే ఈపాటికి నీకు రెండు గంటల పాఠం అయ్యేది. మా అక్క మొగుడురా, వడ్రంగి. నువ్వు పుట్టకముందే పోయాడులే. చెక్క కొయ్యాలంటే మూడుసార్లు కొలిచేవాడు, అందుకని అందరూ ‘కొలతల మేస్త్రి’ అనేవాళ్లు. మనిషి మంచివాడే. కాకపోతే తనదే తప్పు అని ఒప్పుకోవాల్సొస్తే మాత్రం కొలత అందేది కాదు. ఆయనకీ నీ దానిలాంటి వ్యానే ఉండేది, ఇంకాస్త పాతది. ఉలులు, రంపాలు, చిత్రికలు, అన్నీ అందులోనే. ఇంట్లో కన్నా అందులోనే సర్దుడు ఎక్కువ.

ఒక చలికాలం అక్కకీ ఆయనకీ మాటలు పోయాయి. మొగుడూ పెళ్లాలన్నాక ఉంటాయిగా, ఏదో గొడవ. దుప్పటి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేనప్పుడు వాళ్లింట్లోనే ఉండేవాణ్ని. మర్నాడు నాతో చెప్పి పంపించాడు, “పెద్ద పని ఒప్పుకున్నాను, అక్కడే పడుకుంటున్నానని మీ అక్కతో చెప్పు” అని. ఎక్కడో కాదురా, మా వీధి చివర కలప అడితి గోడ పక్కన వ్యాను ఆపుకుని, అందులో! వీధి వీధంతా తెలుసు. మాకు తెలుసన్న సంగతి ఆయనొక్కడికే తెలీదు. అక్క ఏం చేసేదంటే, తెల్లారగానే చెత్తబుట్ట పట్టుకుని బయల్దేరేది. బుట్టలో గుప్పెడు చెత్త కూడా ఉండేది కాదు. వ్యాను ముందు నుంచి తలెత్తకుండా నడిచి, ఓరగా అద్దాల వంక చూసి వచ్చేసేది. అద్దాలు లోపల నుంచి తెల్లగా ఆవిరి పట్టి ఉండేవి. ఇంట్లోకొచ్చి నాతో ఒకటే మాట, “ఉన్నాడు.” అంతే. స్టవ్ వెలిగించుకునేది.

అక్కడ బావ బాధ వేరే. ఉలులన్నీ తుప్పు పడుతున్నాయి. కొత్త చెక్కలు ఉబ్బుతున్నాయి. బయట నుంచి చలిగాలి దూరుతోందని తేల్చేసి, తలుపులకి రబ్బరు కొట్టాడు, సందుల్లో గుడ్డలు కుక్కాడు, చీమ దూరే దారి లేకుండా మూసేశాడు. మర్నాటికి లోపల జడివాన! జబ్బొకటి, మందొకటి. గిన్నెల్లో ఉప్పు పెట్టాడు, బొగ్గులు పెట్టాడు, పాత పేపర్లు పరిచాడు. తడి చొక్కాలేమో లోపలే తాడు కట్టి ఆరేసేవాడు, అదీ సంగతి. ఇక లాభం లేదని బస్సు బాడీలు కట్టే ముసలాయన దగ్గరికి పోయాడు. నేనూ వెంట వెళ్లాన్లే. ఆయన వ్యానులోకి తల పెట్టి చూసి, “రాత్రిళ్లు ఇందులో ఏం పెడతావయ్యా?” అన్నాడు. “సామాను” అన్నాడు బావ. “సామాను ఊపిరి పీల్చదే!” “కలప కొంచెం పచ్చిదండీ.” “ఓహో. ఆ పచ్చి కలప గురక కూడా పెడుతుందా?” బావ గడ్డం గోక్కున్నాడు. నేను టైర్ల వంక చూస్తున్నాను, నవ్వితే చంపుతాడు. ముసలాయన చెప్పాడు, “ఈ నీళ్లు బయటివి కావయ్యా, లోపలివే. మనిషి ఒక రాత్రి ఊపిరి తీస్తే పెద్ద గ్లాసుడు నీళ్లు. అది చల్లటి రేకుకి తగిలి కారుతోంది. రేకుకి థర్మాకోల్ లాంటి నురగ షీటు అతికించు, సందు ఉంచకు, దానిమీద పల్చటి చెక్క కొట్టు. కింద ఒక కంత, పైన ఒక కంత పెట్టు. గాలి అటు వచ్చి ఇటు పోవాలి. తడి బట్టలు బయట ఆరేయ్. లోపల పొయ్యి మాత్రం వెలిగించకు, ఆవిరి సంగతి అటుంచి నువ్వే పోతావ్.”

బావకి పని దొరికితే ఇంకేం కావాలి! మూడు రోజులు కొలిచి, కోసి, అతికించి, పైకప్పు కంతకి చిన్న ఫ్యాను కూడా బిగించాడు. ఆ మర్నాడు పొద్దున అక్క చెత్తబుట్టతో వెళ్లింది. అద్దాలు చూస్తే అప్పుడే కడిగిన గ్లాసులా తళతళలాడుతున్నాయి. ఆవిరి లేదు. సీట్ల వెనక తెర కట్టి ఉంది, మనిషి కనపడడు. ఇంతకాలం తెల్లటి అద్దం చూసి “ఉన్నాడు” అనుకున్న మనిషికి తళతళలాడే అద్దం ఏం చెబుతుంది చెప్పు? బుట్ట అక్కడే పారేసి అరుస్తూ రెండు చేతుల్తో తలుపు బాదింది. ఆ అరుపులకి నేనూ పరిగెత్తాను. తలుపు తెరుచుకుంది. మఫ్లర్ చుట్టుకుని బావ. ఇరవై మూడు రోజుల తర్వాత పెళ్లాంతో ఆయన మొదటి మాట ఏంటో తెలుసా? “చూశావా, ఒక్క చుక్క లేదు!”

అక్క ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. “పోయావనుకున్నాను” అంది. ఆయనకేం చెయ్యాలో తోచలేదు పాపం. నురగ షీటు చూపించాడు, కంతలు చూపించాడు, “ఇదిగో, గాలి ఇక్కడ నుంచి వచ్చి అక్కడ నుంచి పోతుంది” అని చెప్పుకుంటూ పోయాడు. అక్క ముక్కు తుడుచుకుంటూ మొత్తం విన్నది. చివర్లో, “మన పడగ్గది గోడ కూడా చెమ్మెక్కుతోంది, వచ్చి చూడు” అంది. దుప్పటి చంకలో పెట్టుకుని వచ్చేశాడు. ఆ తర్వాత ప్లంబర్లు, పెయింటర్లు, అందరూ ఆయన దగ్గరికే వ్యాన్లు తోలుకొచ్చేవాళ్లు. అందరికీ చెప్పేవాడు, “లోపల పడుకుంటే చెమ్మ ఇంకా ఎక్కువ పడుతుందట. ఎవరో అన్నారు.”

గొడవ దేనికా? ఏమో, వాళ్లిద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు... ఆ, తెలుసులే. నాకు పని పోయి, వారం రోజులని వచ్చి, పదకొండు నెలలున్నాను. “మీ తమ్ముడు ఇంకెన్నాళ్లు?” అన్నాడాయన. “వాడు ఉన్నన్నాళ్లూ ఉంటాడు, ఇష్టం లేనివాళ్లు పోవచ్చు” అంది అక్క. నేను పక్క గదిలోనే ఉన్నా. మెలకువగానే. లేచి ‘నేనే పోతాన్లే’ అని ఒక్క మాట అనుండొచ్చు. ఆ ఇరవై మూడు రోజులూ నేను వెచ్చగా పడుకున్నానురా.

అదెవరు, గేటు దగ్గర? నీకోసమేనేమో, పోయి చూడు.