ఇలారియో చాకు మడిచిన వైనం

ద్రాక్షకోతలప్పుడు పొద్దుటి తిండి దగ్గర ఒకటే చట్టం. మూకుడు చుట్టూ ఎవరి చాకు వాళ్లు తెరుచుకుని కూర్చుంటారు. మేస్త్రీ తన చాకు మడిచిన క్షణాన అందరూ లేస్తారు. నోట్లో ముద్ద ఉందా, తోలుతిత్తిలో వైన్ మిగిలిందా అని చూసేది లేదు. ఆ ముఠాలో చాలా ఏళ్లుగా ఆ చాకు లెయాండ్రోది. ఈ ఏడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. వంగలేని మేస్త్రీ తీగల మధ్య దిష్టిబొమ్మకి తప్ప ఎందుకూ పనికిరాడని ఆయనే అన్నాడు.

"ఇవాళ నా చాకు నేను మడవను," అన్నాడు బోర్లించిన గంప మీద కూర్చుంటూ. "పని తెలిసినవాళ్లు ఇద్దరున్నారు, ఇలారియో, కింతీన్. ఎవరు మడిస్తే మీరు లేస్తారో వాడే మేస్త్రీ. నన్నడక్కండి. మీ కాళ్లు చెప్తాయి."

వంట చేసేది కసిల్దా. వేయించిన రొట్టెపొడిలో వెల్లుల్లి కలుపుతూ ఆవిడ ఇలారియో వంక చూసింది. మనిషి మంచివాడే, గంపలు మోయడంలో గాడిదని మించినవాడు. కానీ నోరు మూయలేనివాడు చాకెప్పుడు మూస్తాడు? ఇక్కడ కబుర్లు సాగితే అక్కడ కోసిన కాయ ఎండలో పులుస్తుంది. పులిసిన కాయకి కూలి కోసేది ఇలారియోకి ఒక్కడికే కాదు.

"లెయాండ్రో బాబాయ్, దీనికి ఇంత ఆలోచన దేనికి?" అన్నాడు ఇలారియో, పందిమాంసం ముక్క రొట్టె మీద పెట్టుకుని కోస్తూ. "మేస్త్రీ చాకంటే నలుగురికీ వినపడాలి. నీది మడిస్తే టక్కుమని మూడో సాలు దాకా వినపడేది. మరి మన కింతీన్ చాకో? స్ప్రింగ్ లేదు, మడత దగ్గర టక్కుమనే పళ్లు లేవు, ఒక్క మేకు మీద తిరిగే రేకుముక్క. దానికి మళ్లీ రోజూ ఆలివ్ నూనె. వాడు మడిస్తే వాడికే తెలీదు. మనం క్రిస్మస్ దాకా తింటూ కూర్చోవాలి."

"నాకేం అభ్యంతరం లేదు," అంది ప్రుదెన్సియా, మూకుడు తన వైపు లాక్కుంటూ. "నాకైతే మెత్తగా తెరుచుకునేదే ఇష్టం. మా ఆయన చాకు తెరిచి రెండు గోళ్లు పోగొట్టుకున్నాను."

"మెత్తనిది దానంతటదే ముడుచుకుని వేలు కొరుకుతుంది," అంది కసిల్దా. "బిగువుండాలి."

కింతీన్ పుచ్చకాయ కోసి తలా ఒక ముక్క ఇస్తున్నాడు.

"బిగువు, మెత్తన, ఇవన్నీ ఆడంగి మాటలు," అన్నాడు ఇలారియో. ఇది లెక్కలోకి రాదంటూ తన చాకు మడిచి, అందరూ చూస్తుండగా మళ్లీ తెరిచాడు. కట్ కట్ కట్ మంటూ ఏడు పళ్లూ వరసగా పలికాయి. "ఇదీ చాకంటే. దీని సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు కదూ?"

"చెప్పావు," అంది ప్రుదెన్సియా.

"సగమే చెప్పాను వదినా. అప్పుడు నేను అల్కరాజ్ కొండల్లో గొర్రెలు కాస్తున్నాను. తెల్లారుజామున ఆకలేసి, రొట్టె కోసుకుందామని దీన్ని తెరిచాను. అంతే, ఇంకేం చెయ్యలేదు. పొదలో ఏదో ధబ్బుమంది. ఏంటా అని చూస్తే నక్క. గొర్రెపిల్లని నోట కరుచుకు పోతున్నదల్లా ఆ చప్పుడుకి పిల్లని వదిలేసి ఒకటే పరుగు."

"నక్కలు పిరికివి," అన్నాడు లెయాండ్రో. "ఇది నమ్మొచ్చు."

ఆ ఒక్క మాటతో ఇలారియోకి రెక్కలొచ్చాయి.

"నక్కనే అంటున్నావు బాబాయ్. దాని వెనక తోడేళ్లున్నాయి. ఎన్ననుకున్నావు? పన్నుకొకటి, ఏడు. మొదటి కట్టుకి మొదటిది కూలబడింది, రెండో కట్టుకి రెండోది, అలా వరసగా బడిలో పిల్లల్లా కూర్చున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చప్పుడు లోయలోకి దిగిపోయింది. కింద ఊళ్లో గుడి గంటలవాడు నిద్రలో విన్నాడు. ఏడు కొట్టిందనుకున్నాడు, గంట మోగించేశాడు. జనం నిద్రమొహాలతో గుడికి పరుగు. పాదిరి అయితే పైజామా మీదే అంగీ తొడిగాడు. రొట్టెలవాడు పచ్చిపిండి అమ్మేశాడు. ఏడింటి బస్సు నాలుగింటికే బయల్దేరి పోయింది."

"డ్రైవర్ లేకుండానా?" అంది కసిల్దా.

"డ్రైవరే ముందు పోయాడు వదినా, బస్సే వెనకాల పోయింది. అసలు మాట విను. ఇంత గోలకి సూర్యుడు కూడా నాకు ఆలస్యమైపోయిందే అని కంగారుపడి, మొహం కూడా కడుక్కోకుండా కొండ మీదికొచ్చాడు. అందుకే ఆ రోజు ఎండ మసకగా ఉంది. కావాలంటే అల్కరాజ్‌లో అడుగు, పెద్దవాళ్లు చెప్తారు."

ప్రుదెన్సియా పుచ్చగింజలు ఊస్తూ నవ్వింది. తీగల చివర ట్రాక్టర్ మీద ఎండ మెరుస్తోంది. కసిల్దా లెక్కేసుకుంటూనే ఉంది: ఆ ట్రాక్టర్ ట్రాలీలో కాయ సగం నిండింది, దాని మీద కప్పు లేదు. కింతీన్ ఒకసారి లేచి వెళ్లి దాని మీద తడిగోనె పరిచి వచ్చాడు. ఇలారియో అటు చూడలేదు.

"ఎండొచ్చేసరికి గొర్రెపిల్లకి కళ్లు చెదిరాయి. కాలు జారి లోయలో పడింది. నేనాగుతానా? వెనకే దూకాను. దూకుతూనే ఎడం చేత్తో ఒక వేరు పట్టుకున్నాను, పిల్లని మెడ దగ్గర పళ్లతో పట్టేశాను, కుడిచేతిలో చాకుందిగా, దాన్ని కస్సున బండలో దింపాను. వేలాడుతున్నాను. ఇంతలో పైనుంచి గద్ద. గద్దంటే మీ కోళ్ల గద్ద కాదు, రెక్క విప్పితే ఈ తోటంతా నీడ. పిల్ల కోసం వస్తే ఊరుకుంటానా, రెండు కాళ్ల మధ్య దాన్ని ఇరికించి పట్టాను."

"పిల్ల నోట్లో ఉండగా ఇదంతా ఎవరికి చెప్పుకున్నావు?" అంది ప్రుదెన్సియా.

"మనసులో చెప్పుకున్నాను. ఇప్పుడు అసలు ఘట్టం. చాకు బండలోంచి రాదు. తెరిచున్నంతసేపూ రాదు. మడిస్తేనే వస్తుంది. సరే, మడిచాను. ఫట్. ఆ ఒక్క చప్పుడుకి కొండ నిలువునా రెండుగా చీలింది. ఇప్పుడు బస్సు వెళ్లే ఆ సందు ఉందే, ప్రభుత్వం తవ్వించిందనుకుంటారు అందరూ. నేను మడిచిన చాకు చీల్చిందది. అట్లాంటి చాకు ఇక్కడ మడిస్తే ముఠా లేవడం కాదు, పక్క ఊరి ముఠా కూడా లేచి పనిలోకి పోతుంది."

రొమ్ము విరుచుకుని మూకుడు చుట్టూ చూశాడు. చాకు చేతిలో పెట్టుకుని, ఇక మడవబోతున్నానన్నట్టు ఎత్తి పట్టుకున్నాడు. లెయాండ్రో గంప మీద ముందుకి వంగాడు. కసిల్దా గరిటె కింద పెట్టింది.

"ఒక్క సందేహం ఇలారియో. రింగు ఎవరు లాగారు?" అందావిడ.

"ఏ రింగు?"

"నీ చాకుదే."

నవ్వు ముందు ప్రుదెన్సియా దగ్గర పుట్టింది. పళ్ల చాకు తెరుచుకున్నంత సులువుగా మూసుకోదు. పిడి వెనక ఉన్న రింగు ఒక చేత్తో లాగి పట్టుకుంటేనే పళ్లు పట్టు వదులుతాయి, అప్పుడు రెండో చేత్తో మడవాలి. ఈ లా మాంచా సీమలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది.

"ఎడం చెయ్యి వేరు మీద," అంది కసిల్దా నెమ్మదిగా. "కుడిచెయ్యి పిడి మీద. పళ్ల మధ్య పిల్ల. కాళ్ల మధ్య గద్ద. మరి రింగు?"

ఇలారియో తన చాకు రింగు వంక చూశాడు. తర్వాత మొహం వెలిగింది.

"గద్ద లాగింది వదినా. ముక్కుతో."

"నువ్వు చెప్తే లాగిందా?"

"కళ్లతో సైగ చేశాను."

"అయితే బాబాయ్," అంది కసిల్దా లెయాండ్రో వైపు తిరిగి, "మేస్త్రీ పని ఆ గద్దకిద్దాం. సైగ చేస్తే పని చేసేది మన ముఠాలో అదొక్కటే కనపడుతోంది."

లెయాండ్రో నవ్వి నవ్వి మోకాలు పట్టుకున్నాడు. ప్రుదెన్సియాకి పొలమారింది. ఇలారియో కూడా నవ్వాడు, కానీ వదలలేదు. "నవ్వండి, నవ్వండి. ఆ గద్ద ఇప్పటికీ బతికే ఉంది. దాని ముక్కు ఒక పక్కకి వంగి ఉంటుంది, ఎందుకంటే ఆ రింగు..."

మూకుడు అవతల కింతీన్ చివరి రొట్టెముక్కతో తన చాకు రెండు వైపులా తుడిచాడు. ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. రేకుని బొటనవేలితో నెట్టి పిడిలోకి మడిచాడు. చప్పుడు లేదు. అతను ఎవరి వంకా చూడనూ లేదు.

కసిల్దా ఏప్రన్‌తో చేతులు తుడుచుకుని లేచింది. ప్రుదెన్సియా దగ్గుతూనే లేచింది. ఆ వెనక మిగతావాళ్లు గంపలందుకుని, తలగుడ్డలు బిగించుకుని తీగల వైపు నడిచారు. లెయాండ్రో తన చాకుని తెరిచింది తెరిచినట్టే ఒళ్లో పెట్టుకుని, వాళ్ల కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

"...ఆ రింగు ఇత్తడిది కాదు, ఉక్కుది," అని ముగించాడు ఇలారియో. వినేవాళ్లు ఏరని చుట్టూ చూశాడు. ఎడం చేతిలో గంప ఉంది, కుడిచేతిలో తెరిచిన చాకు. తనెప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియలేదు.