కేసులు లేని ఊరు

నారాయణఖేడ్‌లో ఆరోగ్యశాఖ ఆఫీసు. బల్లకు అటు గుమాస్తా జగదీశ్వర్, ఇటు కల్లమ్మ. కల్లమ్మ వాళ్ల ఊరి నర్సు జీవితను తీసేసి ఆరు నెలలైంది.

“కూసో అవ్వా. నిలవడి ఎంతసేపు మాట్లాడుతవ్.”

“కూసునేటందుకు రాలే. మా జీవితమ్మను ఎందుకు తీసిండ్రో చెప్పు.”

“నేను తియ్యలే. పైనకెళ్లి ఆర్డర్ వచ్చింది.”

“పైన అంటే ఏడ? దేవుడా?”

“రిజిస్టర్ చూడవ్వా. మీ ఊర్ల రెండేండ్లు ఒక్క డెంగీ లేదు. కేసులు లేని ఊరికి నర్సెందుకు, జీతం దండుగ అన్నరు.”

“ఎందుకు లేవు? శుక్రారం శుక్రారం ఇంటింటికి తిరిగి తొట్లు బోర్లేసేది, డ్రమ్ములు కడిగిచ్చేది. దొంగలు పడుతలేరని కావలి కుక్కను ఎల్లగొడ్తరా ఎవలన్న?”

“నాతోని కొట్లాడితె ఏమొస్తది...”

“నీతోనే కొట్లాడుత. నువ్వు సిర్గాపూర్ సంగప్ప కొడుకువు గాదు? నువ్వు కడుపుల ఉన్నప్పుడు నీ తల్లికి సూదులు ఏసింది గిసొంటి నర్సమ్మనే. మోకాళ్ల బురదల నడుచుకుంట వచ్చేది. నాకు యాదుంది, నీకు లేదు.”

“సరే, సరే. ఇప్పుడేమంటవ్?”

“ఏమంటనా? వానలు పడ్డయి, ఇంటికొకరు మంచాన వడ్డరు. బీరప్ప ఇరవై గొర్లను అమ్మి కొడుకును ప్రైవేటుల చూపిచ్చిండు. నా కోడలు దాక్షాయణి పుస్తె కుదువ వెట్టింది. నేను పాలిచ్చే బర్రెను అమ్మిన. కోసే మనిషి లేక సోయా చేన్లనే రాలిపోయింది. మీకు ఒక్క నర్సమ్మ జీతం మిగిలింది, ఊరు ఊరంత మునిగింది. గిదేం లెక్క?”

“నీ మనుమరాలికి గూడ వచ్చిందట గదా.”

“నిరోషకా? సంగారెడ్డి దవాఖానల ఉంది. నిన్న కండ్లు తెరిచింది. దాని ముచ్చట ఇడిసిపెట్టు. ఊర్ల ఇంకా పిల్లలున్నరు, దోమలు అట్లనే ఉన్నయి. జీవితమ్మను మల్ల పంపు.”

“రిజిస్టర్ ఒక్కటే గాదవ్వా.”

“మరేంది?”

“చెప్పొద్దనుకున్న. మీ ఊరోళ్లే దరఖాస్తు వెట్టిండ్రు. ఇండ్లల్లకు జొర్రి నీళ్లు పారవోస్తుంది, ఈమె మాకొద్దని. పేర్లు సదవాల్నా?”

“సదవకు. మొదటి వేలిముద్ర నాదే. నాలుగు రోజులకోసారి వచ్చే నల్లా, పట్టి పెట్టుకున్న నీళ్లు పారవోసిందని ఊరంత తిరిగి నేనే ముద్రలు పెట్టిచ్చిన. గదే వేలు తెచ్చిన. ఇంకో కాయితం రాయి.”