మారెక్క కట్టు చెప్పులు

మారెక్క అని ఉండేది. మాదిగ గేరిలో, అంటే ఊరి బయట మాదిగోళ్ళ వాడలో, ఆమెంత పరుగు ఎవరికీ లేదంట. మేక తప్పిపోతే మేకకంటే ముందు ఉరికి, దాని ఎదురుగా నిలబడి “యాడికి పోతావే” అని అడిగేదంట, అంత పరుగు. మొగుడు ఓబన్న. చెప్పులు కుట్టేవాడు. మంచోడే, భయం కొంచెం జాస్తి. నవ్వకండమ్మా, ఆ రోజుల్లో భయం లేనోడు ఎవడు?

ఏమైందంటే, ఆ సీమలో ఏటి కాలవ కింద చాలా గేర్లు, చాలా పల్లెలు. నీళ్ళు ఎవరికి ముందు అని కొట్లాట. దానికని ఆ సీమనేలే పాళెగాని తాతల కాలంలోనే ఒక కట్టడి పెట్టినారంట. ఏటా కాలవ పారేనాడు గేరికొకరు, పల్లెకొకరు గుట్ట మీద నుంచి పరుగెత్తాల. ఎవరు ముందొచ్చి తూము రాయి మీద కూచుంటారో, వాళ్ళు కూచున్నంతసేపు నీళ్ళు వాళ్ళ మడికే. లేస్తే పక్క పల్లెకి. ఎంతసేపు కూచుంటారులే, ఆకలేస్తే లేస్తారు కదా అని వాళ్ళ లెక్క. ఆ రాయి మీద ఉన్నోళ్ళని కొట్టినా, వాళ్ళుండగా తూము మూసినా ఏరు ఎండిపోతుందని కూడా వాళ్ళే చెప్పిపెట్టినారు. బాగా గుర్తు పెట్టుకోండి, వాళ్ళే చెప్పినారు.

పోయినేడు పందెంలో మారెక్కే ముందుండింది. అయితే దోవ పాళెగాని వీధి మీదుగా పోతుంది. మన గేరి వాళ్ళు ఆ వీధిలో చెప్పులు విప్పి, నెత్తిన పెట్టుకొని, వంగి నడవాల. పందెమైనా సరే, పెండ్లయినా సరే. మారెక్క నిలబడి, విప్పి, వంగి నడుస్తాంటే, వెనకాల వచ్చిన పై కులమోళ్ళంతా చెప్పుకాళ్ళతో టపటపామని ఆమెను దాటుకొని పోయినారంట. గేరికి నీళ్ళు ఆఖరికి వచ్చినాయి. వచ్చేసరికి నారు ఎండి గడ్డి అయింది. ఆ ఏడు పిల్లోళ్ళు ఏం తిన్నారో నన్ను అడగొద్దండి.

ఈ ఏడు మళ్ళా మారెక్కనే పొమ్మన్నారు. ఓబన్నకి పెండ్లాం మీద ప్రేమ కదా, దున్నపోతు తోలు మందంగా పరిచి, ఇంటి గడపంత చెప్పులు కుట్టినాడు. “ముల్లు కాదుమే, మేకు కూడా దిగదు.” ఆమె వేసుకొని గేరి చివరిదాకా ఉరికొచ్చింది. “ముల్లు దిగదు సరే, కాలు లేస్తే కదా! నన్ను పరుగుకి పంపుతాండావా, కాడికి కడతాండావా?” సరేనని మేకతోలుతో పల్చగా కుట్టినాడు. గాలిలాగ ఉండాది అన్నది. అనేలోపల తుమ్మముల్లు దిగింది. ఓబన్న కాలు ఒళ్ళో పెట్టుకొని ముల్లు తీస్తా, “గాలికి ముల్లు గుచ్చుకునిందా?” అన్నాడంట. ఆమె అదే కాలితో ఒక తన్ను తన్నింది. మెల్లగానే అనుకో.

మళ్ళా కుట్టినాడు. ఈసారి పొద్దుగూకినాక కొలత తీసుకున్నాడు, పని చేసొచ్చిన కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది కదా. ముందర బొటనవేలికి జాగా వదలమన్నది, గుట్ట దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తోసుకొస్తాయని. మడమ కింద మందం, వేళ్ళ కింద వంగే తోలు. ఆమె కొత్తవి కొత్తవిగా దాచిపెట్టకుండా, కట్టెలకి పోయినా నీళ్ళకి పోయినా అవే వేసుకొని మెత్త చేసుకుంది. గుట్ట మీద బాగుండాయి, రేగడిలో బాగుండాయి. వంక ఇసకలో మాత్రం మడమ జారి చెప్పు ఒకపక్క, కాలు ఒకపక్క. “మడమ వెనక కట్టు వెయ్యి” అన్నది.

ఓబన్న తోలు గుచ్చే ఆర కింద పెట్టేసినాడు. “కట్టు వేస్తే వీధి కాడ ఎట్ల విప్పుతావే?”

“విప్పను.”

“చంపుతారే!”

“వదులు చెప్పు వేసుకుంటే వాళ్ళ వీధికి సరిపోతాది. కట్టు చెప్పు వేసుకుంటే నా కాలికి సరిపోతాది. ఎవరి కొలతకి కుడతావో నువ్వే చెప్పు.”

ఓబన్న ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. మారెక్కకి దిగులైపోయింది, ఇంత మంచోణ్ణి ఇరకాటంలో పెడితినే అని. అయినా కట్టు వద్దనడానికి నోరు రాలేదు. పందెం పొద్దున లేచి చూస్తే తలగడ కాడ చెప్పులు ఉండాయి. మడమ వెనక కట్టు, దానికి ముడేసే తోలు వారు. ఆయన ఆమె కాళ్ళ కాడ కూచొని తడి వారు లాగి ముడేసినాడు. మొహం ఎత్తి చూడలేదు.

ఇంగ పరుగు. గుట్ట దిగింది, రేగడి దాటింది, వంక దాటింది. వీధి వచ్చింది. అరుగుల మీద నుంచి “విప్పే! విప్పే!” అని కేకలు. మారెక్కకి భయం కాలేదని నేను అబద్ధం చెప్పను. ఆ భయంతోనే ఉరికింది. తడి రేగడి అంటిన చెప్పులతోనే పోయి తూము రాయి మీద కూచుంది. కాలవ నీళ్ళు వదిలే నీరుగంటి చౌడప్ప తూము ఎత్తినాడు. నీళ్ళు గేరి మడికి తిరుక్కున్నాయి.

పాళెగాడు రొప్పుకుంటా వచ్చినాడు. “లాగి పారెయ్యండిరా!” ఎవడు లాగాల? ముట్టుకుంటే మైల కదా! చెప్పులు కోసేద్దామంటే, చెప్పు ముట్టుకుంటే ఇంకా మైల. దూరం నుంచి కొడదామంటే ఏరు ఎండిపోతాదని వాళ్ళు చెప్పిన మాటే. చుట్టూ మంది, అందరికీ చేతులున్నాయి, ఒక్క చెయ్యీ పనికిరాలేదు. వాళ్ళు కట్టుకున్న గోడ వాళ్ళకే అడ్డమొచ్చింది చూడండి! పాళెగాడు పళ్ళు కొరికి, “చెప్పులు విప్పి, నెత్తిన పెట్టుకొని, అప్పుడు దిగు” అన్నాడంట. “అట్లనే సామీ” అని మారెక్క వంగింది. ముడి రాలేదు. నిజంగానే రాలేదంట, తడి తోలు ఎండకి బిగుసుకుంది.

“ఆ ఓబిగాణ్ణి పిలవండిరా, కట్టినోడే విప్పుతాడు!”

ఓబన్న వచ్చినాడు. చెమటలు కారతా, మంది మధ్యలో ఆమె కాళ్ళ కాడ కూచున్నాడు. మారెక్క ఆయన చేతులే చూస్తాండాది. విప్పుతాడా? విప్పితే దిగాల. దిగితే నీళ్ళు పోతాయి, మడి ఇంకా సగం కూడా తడవలేదు. ఆయన ముడి మీద చెయ్యి వేసి, మెల్లగా, “నొప్పి పుడతాందా మే?” అన్నాడు. “బొటనవేలు కాడ కొంచెం” అన్నది. “మళ్ళా కుట్టేదాంట్లో సరిచేస్తాలే” అని, ఆ ముడి మీద ఇంకో ముడేసినాడంట!

లేచి చేతులు కట్టుకొని, “సామీ, తోలు సామీ, తొందర పెడితే వినదు. తడిపి నానబెట్టాల” అన్నాడు. నానబెట్టినారు. కాళ్ళు కాలవలో పెట్టుకొని మారెక్క కూచుంది. గేరోళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి గట్టు మీద నిలబడినారు. ఎవరో సంగటి ముద్ద తెచ్చినారు, ఓబన్న తినిపించినాడు. పాళెగానికి ఎండ తగిలి తల తిరిగింది, ఇంటికి మోసుకుపోయినారు. మడి నిండినాక మారెక్క లేచింది. చెప్పులతోనే, గేరంతా వెంట రాగా, ఆ వీధి మీదుగానే ఇంటికి పోయిందంట. అరుగుల మీద ఒక్కరూ లేరు.

తర్వాత కొట్టలేదా అని అడుగుతారు. కొట్టకుండా ఉంటారా, మారిన ఊరేం కాదు కదా అది, అదే ఊరు. అయితే పై ఏడు పందానికి గేర్ల పిల్లలందరూ కట్టు చెప్పులతోనే వచ్చినారు. అందరినీ కొట్టాలంటే చేతులు నొప్పి పుట్టవా? ఇప్పుడు అంగళ్ళలో పరుగు బూట్లని రకరకాలు. వంచి చూస్తారు, నొక్కి చూస్తారు, రంగు చూస్తారు. చూసుకోండి నాయనా, తప్పు లేదు. మారెక్క కూడా అన్నీ చూసుకుంది, ఆఖరికి మాత్రం విప్పమనేవాని మొహం చూసి మరీ ఇంకో ముడేయించుకుంది.