బంతిపూల దండ వేసుకున్న నంబర్ ప్లేటు

వీరభద్రం గారు నోరు తెరవడమే ఆలస్యం, కెనడాలోని ఆ బ్రాంప్టన్‌లో వినేవాళ్లకి కొదవలేదు. ఎండాకాలం సాయంత్రం గరాజ్ తలుపెత్తి, మడత కుర్చీలు వేసి, భార్య హైమావతి గారి టీ చేతికందితే చాలు, ఆయన మొదలుపెట్టేస్తారు. పక్కింటి సుబ్బరాజు గారు ఎలాగూ వస్తారు. బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్లు ఎక్కడికి పోతారు? ఆ ఏడు ఊరంతా వెతికినా బేస్‌మెంట్ దొరికేది కాదు. ఓనర్ కోతలు కూడా అద్దెలో భాగమే అనుకుని తలూపేవాళ్లు.

ఆ శనివారం వాళ్లలో వాసవి మాత్రం తలూపలేదు. ఆయన చెబుతున్నది ఆమె కారు గురించే. తెల్లారగట్ల వేర్‌హౌస్ షిఫ్టుకి బస్సు లేక, తినీ తినకా కూడబెట్టి కొన్న సెకండ్ హ్యాండ్ కారు అది. పూజ చేయించకుండా బండి రోడ్డెక్కిస్తావా అమ్మాయ్ అంటూ వీరభద్రం గారే తాళాలు లాక్కుని, భార్యని ఎక్కించుకుని గుడికి తోలుకెళ్లారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు ప్లేటుకి పసుపు, కుంకుమ బొట్లు, దానిమీద చేతి మందాన బంతిపూల దండ. తిరిగొస్తుంటే యాక్సిడెంట్ అయిందని రోడ్డు మూసి, బండ్లన్నింటినీ టోల్ రోడ్డు మీదికి మళ్లించారు. అక్కడి కెమెరాకి ముందు దండ కనిపించింది, వెనక నంబర్ కనిపించింది. కావాలనే ప్లేటు దాచారని వాసవి పేరున పెనాల్టీ వచ్చిపడింది. మంగళవారం విచారణ. అక్కడ ఓడితే, పెనాల్టీ మొత్తం కట్టేదాకా ఆ ప్లేటు రెన్యూ కాదు. కారు లేకపోతే పని ఉండదు, పని లేకపోతే కాలేజీ ఫీజు కట్టేదెలా? సాక్ష్యానికి రమ్మని రెండుసార్లు బతిమాలితే ఆయన చూద్దాంలే అన్నారు.

"దారి మళ్లించేవాడు జెండా ఊపుతున్నాడు," అంటున్నారు వీరభద్రం గారు. "అద్దం దించి కడిగేశా. ఏమయ్యా, మీరే ఇటు తోస్తారు, మీరే డబ్బు గుంజుతారు, ఇదెక్కడి న్యాయం అన్నా. వాడు నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ మాట వరకు వాసవికీ నచ్చింది. ఆమె కడుపులో మంట కూడా అదే కదా. ఆ తర్వాతే బండి దారి తప్పింది. నోరు మూసుకున్నవాడు పోలీసుల్ని పిలిచాడట. ముందు పది బండ్లు, వెనక పది బండ్లు వచ్చాయట. ఈయన బెదరకుండా రివర్స్ గేరేసి, అద్దమైనా చూడకుండా, టోల్ రోడ్డు మీద వెనక్కి వెనక్కి అమెరికా సరిహద్దులో ఉన్న విండ్సర్ దాకా పోయారట. ముందుకు పోతే మనం కట్టాలి కానీ, వెనక్కి పోతే వాళ్లే మనకి కట్టాలి కదా అని ఆయన లెక్క.

"మరి పెట్రోలు?" అన్నారు సుబ్బరాజు గారు.

"రివర్స్‌లో పోతే ట్యాంకు నిండుతుందయ్యా. ఆమాత్రం తెలీదా?"

విండ్సర్ ఒడ్డున నిలబడితే నదికి అవతల డెట్రాయిట్ వాళ్లు గట్టు మీదికొచ్చి చప్పట్లు కొట్టారట. బండి మళ్లీ ఇటు తిరిగేసరికి దారిలో ఒక్కో కెమెరా దండని చూసి మెడ వంచిందట. చివరికి కోర్టులో జడ్జిగారు లేచి నిలబడి, బండికి పూజ ఎందుకో చెప్పండి స్వామీ అని అడిగి, విని, కళ్లు తుడుచుకుని, కిందికి దిగి తన కారు చక్రాల కింద తనే నిమ్మకాయలు పెట్టుకున్నారట. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం కెమెరాలకి బొట్టు పెట్టందే స్విచ్ వేయడం లేదట.

"కేసు అక్కడికక్కడే కొట్టేశారు," అని వీరభద్రం గారు టీ గ్లాసు ఎత్తారు.

వాసవి ఇక ఆగలేకపోయింది.

"ఎవరి కేసు కొట్టేశారంకుల్? నాది మంగళవారం ఉంది. కెమెరాలు మెడ వంచక్కర్లేదు, డెట్రాయిట్ వాళ్లు రానక్కర్లేదు. బండి నేనే నడిపాను, దండ నేనే వేశాను, వాళ్లు మళ్లిస్తేనే వెళ్లాను అని. ఆ మూడు ముక్కలు వచ్చి చెప్పండి చాలు."

వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు. మంగళవారం కొంచెం పనుందనీ, తన పేరు బయటికొస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ఊరుకోరనీ సణిగారు. పోలీసు బండ్లకి బెదరని మనిషి.

హైమావతి గారు టీ గిన్నె కింద పెట్టారు.

"ఆ రోజు పక్క సీట్లో నేనే ఉన్నాను. అద్దం దించిన మాట నిజమే. ఈయన వాడితో అన్నది థాంక్యూ సర్ అని. నేనొస్తానమ్మా వాసవీ, మంగళవారం."

సుబ్బరాజు గారు నవ్వబోయి, వాసవి మొహం చూసి మానుకున్నారు. వీరభద్రం గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"సరే, మీ ఇద్దర్నీ నేనే దింపుతాలే," అన్నారు చివరికి.

"దింపడం కాదంకుల్," అంది వాసవి. "లోపలికి రండి."

ఆయన తలూపారు. ఆ సాయంత్రం మాట లేకుండా ఆయన ఇచ్చిన జవాబు అదొక్కటే.