బంగారయ్యగారి నూతిలో చేంతాడు

మా పక్కన, వీధి చివర బంగారయ్యగారి పెంకుటింటి పెరట్లో నుయ్యి ఉంది చూశారూ, మీద బండరాయి మూసి, దానిపైన రేగుకంప కప్పి ఉంటుంది, మేకలు తోలుకెళ్ళేవాళ్ళు కూడా ఆ గోడ వారన నడవకుండా చుట్టూ తిరిగి వస్తారు, ఆ నూతి సంగతేమిటని కదా మీరు అడిగింది. చెప్తాను పిల్లలూ, దగ్గరగా జరగండి. దీపాలు పెట్టే వేళకి ఇంకా కాస్త ఉంది, ఈలోపు అయిపోవాలి. ముందే ఒక మాట. ఈమధ్య నాకు ముందుది వెనక, వెనకది ముందు వస్తోంది. పొద్దున్న కాఫీ తాగానో లేదో మా కోడలు హైమని అడగాల్సి వస్తోంది. అంచేత వరస తప్పితే తప్పిందని చెప్పండి, నేనేమీ అనుకోను. ఈ కథలో వరస తప్పినా ఫరవాలేదు కానీ పేరు తప్పకూడదు. ఎందుకో చివర్న చెప్తాను, అప్పటికి గుర్తుంటే.

ఇందుమతి అని, విశాఖపట్నంనుంచి వచ్చింది. ఆవిడ మొగుడు జోగారావు అక్కడ గోనెసంచుల మిల్లులో టైం కీపరుగా చేసేవాడు. ఆ మిల్లులో నార నూగు గాల్లో తేలుతూనే ఉంటుందట, ఏళ్ళ తరబడి అది పీల్చి పీల్చి ఆయన ఛాతీ పట్టేసింది. దగ్గు తెర వచ్చిందంటే పడుకున్న మంచం కోళ్ళు కదిలేవట. డాక్టరేమో, ఈ సముద్రపు చెమ్మ ఈయనకి పనికిరాదమ్మా, పొడి గాలి తగిలే చోటికి తీసుకుపో, ఇక్కడే ఉంచావంటే వచ్చే వానాకాలం దాటడం కష్టం అన్నాడట. పొడి గాలి అంటే ఎక్కడికి పోతారు? వాళ్ళకి పొలమా, పుట్రా? అప్పుడు ఎవరి ద్వారానో ఈ ఇంటి కబురు తెలిసింది. బంగారయ్యగారి వాళ్ళు అప్పటికే రాయగడ వెళ్ళి స్థిరపడిపోయారు. అద్దె మాట ఎత్తలేదట, సాయంత్రం దీపం పెట్టే మనిషంటూ ఆ ఇంట్లో ఉంటే చాలు, ఉండండి అన్నారట. ఊరికే ఇచ్చే ఇంట్లో ఏదో ఉండే ఉంటుందని మీకు తడుతుంది కదా. ఇందుమతికీ తట్టింది. కానీ ఎదురుగా దగ్గుతున్న మనిషిని పెట్టుకుని ఎవరైనా ఎంతసేపని ఆలోచిస్తారు?

వచ్చారు. శివరాత్రి వెళ్ళాక వచ్చారు. ఇల్లంతా గబ్బిలాల కంపు, దూలాలకి చెద, వంటింట్లో పొయ్యిగడ్డ కూలి ఉంది. ఇందుమతి చీర బిగించి దులిపి, కడిగి, అలికి, పొయ్యి వేసుకుని పాలు పొంగించుకుంది. పక్కింట్లో మా అత్తగారు రాములమ్మ ఉండేది. నేను అప్పటికింకా ఈ ఇంటికి కోడలిగా రాలేదు, ఇదంతా మా అత్తగారు చెప్పగా, తర్వాత ఇందుమతి చెప్పగా విన్నదే. మా అత్తగారు పాత చేంతాడు ఒకటి, బొక్కెన ఒకటి తీసుకెళ్ళి ఇచ్చి, తోడుకో అమ్మాయ్, నీళ్ళు తియ్యగా ఉంటాయి, కానీ దీపాలు పెట్టే వేళకి తాడు పైకి లాగేసి, గిలకమీంచి తీసి ఇంట్లో పెట్టుకో, నూతిలో వదలకు అని చెప్పింది. ఎందుకండీ పిన్నిగారూ అంటే, ఎందుకేమిటి, మేము వదలం అంతే అంది. తాడు నానితే కుళ్ళిపోతుందని కాబోలు అనుకుంది ఇందుమతి.

ఇక్కడి గాలి ఆయనకి పడింది. ఉగాది నాటికి జోగారావు కర్ర లేకుండా పొలం గట్టుదాకా వెళ్ళి వచ్చేవాడు. సరదా మనిషి. మిల్లు కూత వినబడకపోతే నాకు ఆకలి వెయ్యటం లేదే అనేవాడట, ఈవిడ మధ్యాహ్నం కంచం పెట్టి, గరిటెతో చెంబుమీద ఠంగుమని కొట్టి, కూసింది, రండి అనేదట. మా అత్తగారికి గోడ ఇవతలనుంచి ఆ చప్పుడు విని నవ్వాగేది కాదు.

మరి ముప్పు ఎలా వచ్చిందంటే, ఇందుమతి పట్నం అలవాటువల్ల వచ్చింది. అక్కడ కుళాయి ఎప్పుడు వస్తుందో తెలియదు, అందుకని రాత్రే బిందె కుళాయి కింద పెట్టి పడుకుంటారు. ఆ చెయ్యి ఊరుకుంటుందా? ఒక సాయంత్రం పాలు పొంగుతున్నాయని పరుగెత్తి, తాడూ బొక్కెనా నూతిలోనే వదిలేసింది. తర్వాత గుర్తొచ్చినా, పోనీలే, పొద్దున్నే తోడుకోవచ్చు, సిద్ధంగా ఉంటుంది అనుకుంది. పొద్దున్న లేచి చూస్తే తాడు తడిసి ఉంది. నీళ్ళలో ఉన్న కొస తడుస్తుంది, అందులో వింతేముంది? ఇది అలా కాదు, గిలకమీద ముడిదాకా తడిసి ఉంది. పెరట్లో అప్పటికే కళ్ళాపి చల్లి ఉంది. వెనక గుమ్మంలో ముగ్గు, చుక్కలు లేకుండా మెలికలు తిప్పుతూ పోయే పాతకాలం ముగ్గు, వేలు ఎక్కడా ఆగకుండా గీసినట్టు ఉంది.

పక్కింటి పిన్నిగారు ఎవరినో పంపి ఉంటారు, ఎంత మంచివారు అనుకుంది. ఆ సాయంత్రం కావాలనే తాడు వదిలేసింది. మర్నాడు పొద్దున్న వంటింట్లో బిందెలన్నీ నిండి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళకి చీపురు పట్టే పని కూడా లేదు. సరే, మనం మర్యాద తప్పకూడదని మా అత్తగారి దగ్గరికి వచ్చి, మీ పనిపిల్ల ముగ్గు ఎంత బాగా వేస్తుందండీ పిన్నిగారూ అంది. మా అత్తగారు చేటలో బియ్యం చెరుగుతోంది. మాకు పనిపిల్ల ఎక్కడుందే అమ్మాయ్, ఈ ఇంటికి నేనే పనిపిల్లని అని నవ్వబోయి, చెయ్యి ఆపేసింది. తాడు తీస్తున్నావా అని అడిగింది. లేదండీ, అలాగే ఉంచుతున్నాను అంది ఇందుమతి. మా అత్తగారు చేట కింద పెట్టి, ఇవాళనుంచి తీసెయ్యి అంది.

తీసెయ్యాలి కదా? తియ్యలేదు. తప్పు పట్టకండి. పట్నంలో ఆవిడ ఎన్నాళ్ళో ఒక్కతే చేసుకుంది, రోగిష్టి మొగుడు, కషాయాలు, కాపడాలు, రాత్రిళ్ళు కూర్చోబెట్టి వీపు రాయడాలు. లేచేసరికి ఇంటిపని అయిపోయి ఉంటే, ఎవరు చేశారని ఆరా తియ్యబుద్ధి పుడుతుందా? తెలిసీ తెలియనట్టు ఉండిపోయింది. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచేది. ఒకరోజు గుమ్మం పక్కన కాస్త పసుపు, కుంకుమ కూడా పెట్టిందట.

ముందు ఉప్పు కరిగింది. జాడీలో రాళ్ళుప్పు వేస్తే పొద్దుటికి నీరు. తర్వాత అగ్గిపుల్ల గీసినా వెలగదు. చైత్రమాసపు ఎండలో, దండెంమీద ఆరేసిన పంచె సాయంత్రానికీ పచ్చిగానే ఉంది. గోడలు చేత్తో ముట్టుకుంటే చెమట పట్టినట్టు ఉండేవట. ఒక పొద్దున్న జోగారావు పక్క తడిసి ఉంది, ఆయన చుట్టూ, మనిషెవరో తడిబట్టతో మంచం అంచున కూర్చుని లేచినట్టు. ఆ రోజే దగ్గు మళ్ళీ వచ్చింది. వారం తిరగలేదు, మంచం కోళ్ళు కదలడం మొదలైంది. ఇక్కడే ఇలా అయితే ఎక్కడికి తీసుకుపోను, అని ఇందుమతి తనలో తనే అనుకుని, పరుగున వచ్చి మా అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

అప్పుడు చెప్పింది మా అత్తగారు. బంగారయ్యగారి నాయనమ్మ కాలంలో ఆ ఇంట్లో ఒక కోడలు పిల్ల ఉండేదట. పేరు అచ్చియ్యమ్మ. అచ్చియ్యమ్మే. ఒకనాడు పొద్దున్న పప్పు మాడ్చిందని అత్త నాలుగు మాటలంది, పిల్ల అన్నం తినకుండా ముఖం ముడుచుకుని తిరిగింది. పొద్దు వాలాక నీళ్ళకి వెళ్ళి, పాచిమీద కాలు జారి నూతిలో పడింది. పడి, రాయి అంచు దొరికితే పట్టుకుని, అత్తా, తాడు వెయ్యండి అని పిలిచింది. అత్త ఇంట్లో అప్పుడే దీపం పెట్టింది. ఆ రోజుల్లో ఏమనుకునేవాళ్ళంటే, దీపాలు పెట్టాక నూతిలోంచి వినబడేది మనిషి గొంతు కాదు, దానికి పలకకూడదు, తాడు అసలు వెయ్యకూడదు అని. కోడలు పక్కూళ్ళో పుట్టింటికి అలిగి పోయిందనుకుంది ఆవిడ. గొంతు వినబడుతుంటే భయపడి తలుపు వేసి గడియ పెట్టుకుంది. ఒక్కసారి పేరు పెట్టి, ఎక్కడున్నావే అని పెరట్లోకి కేకేసి ఉంటే సరిపోను. కేకెయ్యలేదు. పొద్దున్న నీళ్ళకి వెళ్ళి చూసుకుంది.

ఇందుమతి విని ఇంటికి వెళ్ళింది. పొద్దు వాలింది, దీపం ఇంకా పెట్టలేదు. లోపల జోగారావు దగ్గుతున్నాడు. ఈవిడ కత్తిపీట పట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళింది, ఎందుకైనా మంచిదని. తాడు లాగితే రాలేదు. బొక్కెన రాతికి తగులుకుందేమోనని వదిలి మళ్ళీ లాగింది. కాలు గట్టుకి తన్నిపెట్టి లాగింది. అప్పుడు కిందినుంచి, గట్టిగా కాదు, పనిలో ఉన్న మనిషి తల ఎత్తకుండా మాట్లాడినట్టు, అత్తా, ఇంకా దీపాలు పెట్టలేదు కదా, అని వినబడింది.

ఏం చేస్తారు మీరైతే? పరుగెత్తుతారు. కానీ ఆవిడ ఎక్కడికని పరుగెత్తుతుంది? తాడు కోసేస్తే ఇంకోసారి గడియ పెట్టినట్టు. కొయ్యకపోతే లోపలున్న మనిషి దక్కడు. కత్తిపీట పక్కన పెట్టి, నూతిగట్టుమీద కూర్చుని, తాడు పట్టుకునే మాట్లాడిందట. నేను మీ అత్తని కాదమ్మా, వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నీ పనికి వంక పెట్టను, నీలా ముగ్గు నేను వెయ్యలేను. కానీ మా ఆయన ఊపిరికి నీ తడి పడటం లేదు, నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు, అంది.  కిందినుంచి, నేనిక్కడున్నానని ఎవరికీ తెలీదు, అని మాత్రం వచ్చింది. నాకు తెలుసు, అచ్చియ్యమ్మవి, నాకు తెలుసు, అంది ఇందుమతి. రోజూ వచ్చి నీ పేరు పెట్టి పిలుస్తాను, పిలిచాకే దీపం పెడతాను, ఈ ఇంట్లో నిన్ను పిలవకుండా దీపం వెలగదు, సరేనా అంది. తాడు చేతిలో తేలికైపోయింది. లాగితే బొక్కెన పైకి వచ్చింది, అందులో చుక్క నీళ్ళు లేవు.

ఆనాటినుంచి పొద్దు వాలగానే తాడు ఇంట్లోకి వెళ్ళేది, ఈవిడ నూతి దగ్గరికి వచ్చి, అచ్చియ్యమ్మా, దీపం పెడుతున్నానమ్మా, అనేది. నన్ను ఏనాడైనా అంత ముద్దుగా పిలిచావా అని జోగారావు దెప్పేవాడు. ఉప్పు గట్టిపడింది. ఆ వానాకాలం ఆయన దాటాడు, ఆ తర్వాత ఎన్నో దాటాడు, తల పండాకే పోయాడు. ఈవిడకి జ్వరం వచ్చిన రోజుల్లో మా అత్తగారు గోడ ఇవతలనుంచి పిలిచేది. నేను కోడలిగా వచ్చాక నాకూ నేర్పారు. జోగారావు పోయాక ఇందుమతిని చెల్లెలి పిల్లలు విశాఖపట్నం తీసుకుపోయారు. వెళ్ళేముందు ఎవరూ తాడు వెయ్యకుండా నూతికి బండ మూయించి, గోడ దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, మానకు, అంది. సామాన్లు బండి ఎక్కాక మళ్ళీ దిగి వచ్చి, మానకు, అంది.

మానలేదు. సాయంత్రం పూట ముసలమ్మ గోడ దగ్గర నిలబడి ఏదో స్తోత్రం చదువుకుంటోందని మీరందరూ అనుకుంటున్నారే, అది ఇదే.

మరి చివర్న చెప్తానన్నది ఇది, గుర్తుంది. మొన్న గోడ దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాను, పేరు రాలేదు. అచ్చియ్యమ్మా, అప్పయ్యమ్మా? ఇంతసేపూ మీకు అచ్చియ్యమ్మ అని చెప్పుకుంటూ వచ్చాను కానీ, చెప్తున్నకొద్దీ అప్పయ్యమ్మేమో అనిపిస్తోంది. మొన్న ఒకటి పిలిచాను, నిన్న రెండోది పిలిచాను. ఇవాళ పొద్దున్న హైమ నన్ను కేకలేసింది, అత్తయ్యా, ఉప్పు జాడీ మూత పెట్టడం కూడా మరిచిపోతున్నారు, అంతా నీరైపోయింది అని. మూత నేను బిగించి పెట్టాను. అది మాత్రం నాకు బాగా గుర్తుంది.

మీరెవరూ అటు వెళ్ళకండి. బంతి ఆ గోడ దాటితే దాటనివ్వండి, బజారులో కొత్తవి అమ్ముతారు. తాడుతో ఆటలు ఆడుకోవాలనుకుంటే ఇటు వీధిలో ఆడుకోండి.

హైమా, గజపతినగరంలో మీ ఆయన మేనత్త చినతల్లి ఉందిగా, నా ఆడపడుచు, ఆవిడ ఈ గోడ పక్కనే పుట్టి పెరిగింది, వాళ్ళమ్మ పిలవడం రోజూ విన్నది. ఆవిడకి ఫోన్ చేసి ఆ పిల్ల పేరేమిటో అడుగు. అగ్గిపెట్టె అలా ఉంచమ్మా, దీపం అప్పుడే పెట్టకు. ముందు ఫోన్ చెయ్యి.